ఏ ఘన్‌పూర్?

హనుమకొండ బస్టాండులో నిలబడి "ఘన్‌పూర్ బస్సు ఏడ ఆగుతదన్నా?" అని అడిగి చూడండి. జవాబు కంటే ముందు ఎదురు ప్రశ్న వస్తుంది: "ఏ ఘన్‌పూర్?"

సికింద్రాబాద్ రైలు దారి మీద ఒక ఘన్‌పూర్ ఉంది. అక్కడ రైల్వే స్టేషన్ ఉంది కాబట్టి అది స్టేషన్ ఘన్‌పూర్. అదే జనగామ జిల్లాలో లింగాల ఘన్‌పూర్ మరొకటి. కాకతీయుల నాటి కోటగుళ్లు ఉన్నది మూడో ఘన్‌పూర్. దాన్ని సర్కారు కాగితాల్లో చాలాకాలం ఘన్‌పూర్ (ములుగు) అని రాశారు, ఇప్పుడు గణపురం అంటున్నారు. 2016 అక్టోబర్ 11న కొత్త జిల్లాలు ఏర్పడేదాకా ఈ మూడూ వరంగల్ జిల్లాలోనే ఉండేవి. ఆ రోజు మొదటి రెండూ జనగామకు పోయాయి, మూడోది జయశంకర్ భూపాలపల్లికి పోయింది. 2019 ఫిబ్రవరిలో ములుగు వేరే జిల్లా అయింది. అయినా ఘన్‌పూర్ (ములుగు) భూపాలపల్లిలోనే ఉండిపోయింది. పేరు పక్కన బ్రాకెట్లో ఒక జిల్లా, ఊరు ఉన్నది మరో జిల్లా. ఈ ముచ్చట మళ్లీ అవసరమవుతుంది, గుర్తుంచుకోండి.

బస్టాండులో మనిషి "ఏ ఘన్‌పూర్?" అని అడుగుతాడు. మ్యాక్రోను పేరు పెట్టి పిలిస్తే కంప్యూటర్ ఆ ప్రశ్న వేయదు. దాని దగ్గర ఒక జాబితా ఉంటుంది: ముందు ఇక్కడ వెతుకు, దొరక్కపోతే అక్కడ, అక్కడా లేకపోతే ఇంకోచోట. మొదట ఎక్కడ దొరికితే అక్కడే ఆగి, దాన్నే నడిపిస్తుంది. వెనుక ఇంకో రెండు ఘన్‌పూర్‌లు ఉన్నాయని మనకు చెప్పదు. ఈ అధ్యాయమంతా ఆ మౌనం గురించే.

మ్యాక్రో అంటే చేసిన పనినే మళ్లీ మళ్లీ చేయకుండా దానికి ఒక పేరు పెట్టి దాచుకోవడం. నాలుగు చోట్ల నొక్కి, రెండు అక్షరాలు మార్చి, ఒక గీత గీసే పనిని ఒకసారి రికార్డు చేసి పేరు పెడితే, తర్వాత ఆ పేరు పిలిస్తే చాలు. ఆలోచన పాతదే. 1950ల నాటి ప్రోగ్రామర్లు ఒక్క మాటతో అనేక ఆదేశాలు పుట్టించే పద్ధతిని వాడుకున్నారు. 1960లో డగ్లస్ మెక్‌ఇల్‌రాయ్ ఆ పద్ధతిని పెద్ద ప్రోగ్రామింగ్ భాషలకు ఎలా విస్తరించాలో వివరిస్తూ వ్యాసం రాశాడు. 1993లో ఎక్సెల్‌లోకి విజువల్ బేసిక్ వచ్చింది. దాంతో ఆ శక్తి ప్రోగ్రామర్ల గదిలోంచి లెక్కలు రాసే గుమస్తా బల్ల మీదికి వచ్చింది. నా దృష్టిలో ఇది చిన్న మార్పు కాదు. కంప్యూటర్ చదువు చదవనివాళ్లు తమ పనికి కావలసిన పనిముట్టును తామే చేసుకోవడం అప్పటినుంచి మరింత పెరిగింది.

మన దగ్గర అలాంటి పనిముట్లలో బాగా చేతులు మారింది అంకెను అక్షరాల్లో రాసే మ్యాక్రో. బిల్లు మీద 12,50,000 అని అంకెల్లో ఉంటే కింద అక్షరాల్లో కూడా ఉండాలి. ఎక్సెల్‌లో థాయి భాషకు ఆ సౌకర్యం ఉంది. బాట్‌టెక్స్ట్ అనే ఫంక్షన్ అంకెను థాయి అక్షరాల్లో బాట్‌లుగా రాసిపెడుతుంది. రూపాయలకు అలాంటిది లేదు. అందుకని మైక్రోసాఫ్ట్ నమూనాగా ఇచ్చిన స్పెల్‌నంబర్ అనే చిన్న ప్రోగ్రామ్‌ను తెచ్చుకుని మార్చుకుంటారు. ఆ నమూనా రాసింది డాలర్ల కోసం. అది వేలు, మిలియన్లు, బిలియన్లుగా లెక్కిస్తుంది. ఓపిక ఉన్నవాళ్లు లోపలి లెక్కను లక్షలు, కోట్లకు తిరగరాస్తారు. తొందరలో ఉన్నవాళ్లు డాలర్ల చోట రూపాయలు అని మార్చి అక్కడితో ఆపేస్తారు. పేరు మాత్రం రెండింటికీ స్పెల్‌నంబరే. ఒకే పేరు, రెండు బుద్ధులు.

ఇప్పుడు ఒక బిల్లు ఫైలు జనగామలో పుట్టి, మహబూబాబాద్‌లో మిర్చి కొనే అడ్తి దుకాణానికి పోయి, అక్కణ్నుంచి భూపాలపల్లిలో ఒక కాంట్రాక్టర్ ఆఫీసుకు చేరిందని ఊహించుకుందాం. మూడు కంప్యూటర్లు. మూడింటిలోనూ స్పెల్‌నంబర్ ఉంది, కానీ మూడు వేర్వేరు చోట్ల ఉంది.

జనగామ ఆపరేటర్ దాన్ని తన సొంత పెట్టెలో పెట్టుకున్నాడు. మ్యాక్రో రికార్డు చేయబోతే ఎక్సెల్ ఎక్కడ దాచమంటారని అడుగుతుంది: ఈ వర్క్‌బుక్‌లోనా, కొత్త వర్క్‌బుక్‌లోనా, పర్సనల్ మ్యాక్రో వర్క్‌బుక్‌లోనా? మూడోది ఎంచుకుంటే పర్సనల్ అనే పేరుతో ఒక ఫైలు పుడుతుంది. అది వినియోగదారుడి ఖాతాలో, యాప్‌డేటా ఫోల్డర్ లోపల ఎక్సెల్‌స్టార్ట్ అని పిలవదగ్గ ఒక ఫోల్డర్‌లో కూర్చుంటుంది. విండోస్ యాప్‌డేటాను మామూలుగా కంటికి కనపడనివ్వదు కాబట్టి, ఏళ్ల తరబడి వాడుతున్నవాళ్లలో కూడా ఆ ఫైలును కళ్లతో చూసినవాళ్లు తక్కువ.

ఇక్కడ ఎక్సెల్ చేసే పని సూటిగా ఉంటుంది. మొదలైన ప్రతిసారీ ఆ ఫోల్డర్‌లో ఉన్న ఫైళ్లన్నిటినీ తెరుస్తుంది. పర్సనల్ ఫైలు కూడా తెరుచుకుంటుంది, దాని కిటికీ మాత్రం దాగి ఉంటుంది. అంటే మనం పేరు పిలిచినప్పుడు ఎక్సెల్ డిస్కంతా గాలించదు, అప్పటికే తెరిచి ఉన్న ఫైళ్లలోనే చూస్తుంది. వెతుకులాట సగం ముందే అయిపోయింది. ఆల్ట్, ఎఫ్8 కలిపి నొక్కితే కనిపించే జాబితాలో ఈ తేడా తెలుస్తుంది. ఎదురుగా తెరిచి ఉన్న ఫైలులోని మ్యాక్రోలు ఒట్టి పేరుతో ఉంటాయి. మిగతా ఫైళ్లలోనివి ఫైలు పేరు, ఒక ఆశ్చర్యార్థకం, ఆ తర్వాత మ్యాక్రో పేరుగా ఉంటాయి. సొంత ఊళ్లో ఉన్నదాన్ని ఘన్‌పూర్ అంటే చాలు, పొరుగు జిల్లాలోదైతే ముందు ఇంకో మాట చేర్చాలి.

ఈ ఏర్పాటుకు కొన్ని బలహీనతలున్నాయి. ఆ పెట్టె వినియోగదారుడిది, కంప్యూటర్‌ది కాదు. ఒకే కంప్యూటర్‌లో పొద్దున ఒకరు, సాయంత్రం ఒకరు వేర్వేరు ఖాతాలతో పనిచేస్తే, పొద్దున మ్యాక్రో సాయంత్రం మనిషికి కనపడదు. ఎక్సెల్ ఎప్పుడైనా కుప్పకూలితే, పర్సనల్ ఫైలే కారణమేమోనని దాన్ని నిలిపివేసిన వాటి జాబితాలో వేసే సందర్భాలున్నాయి. అప్పుడు ఫైలు ఉన్నచోటే ఉంటుంది, మ్యాక్రోలు మాత్రం పోయినట్టే అనిపిస్తుంది. అసలు నష్టం ఆఫీసు మారినప్పుడు జరుగుతుంది. కొత్త చోటికి బిల్లుల ఫోల్డర్ మొత్తం కాపీ చేసి పట్టుకుపోతారు. యాప్‌డేటా సంగతి ఎవరికీ గుర్తుండదు. పాత కంప్యూటర్ ఫార్మాట్ అయిపోతుంది. దాంతో ఒక మనిషి ఐదేళ్లు పోగుచేసుకున్న చేతిపని పోతుంది. పోయిందని తెలిసేది వారం తర్వాతే.

సరే, జనగామ ఫైలు మహబూబాబాద్ చేరింది. గడిలో అక్షరాలుండాల్సిన చోట, నాకు ఈ పేరు తెలియదు అనే తప్పు సూచన వచ్చింది. జనగామ సూత్రంలో పర్సనల్ ఫైలు పేరు కూడా చేరి ఉంది, ఆ ఫైలులోని స్పెల్‌నంబర్ ఇక్కడ దొరకలేదు. ఇది మంచి తప్పు అంటాను నేను. కనిపించే తప్పు, కాబట్టి బాగుచేయగలం.

మహబూబాబాద్ దుకాణంలో స్పెల్‌నంబర్ యాడ్‌-ఇన్‌గా ఉంది. యాడ్‌-ఇన్ అంటే మ్యాక్రోలు మోసే ప్రత్యేక ఫైలు. ఒకసారి టిక్కు పెడితే ఎక్సెల్ దాన్ని ప్రతిసారీ తెరుస్తుంది, ముందు ఫైలు పేరు చేర్చకుండానే ఫంక్షన్‌ను పిలవనిస్తుంది. ఇంత సుఖానికి ఒక లెక్క ఉంది. బిల్లును దాచినప్పుడు ఆ యాడ్‌-ఇన్ ఏ డ్రైవులో, ఏ ఫోల్డర్‌లో ఉందో ఎక్సెల్ రాసిపెట్టుకుంటుంది. ఫైలు వేరే కంప్యూటర్‌లో తెరుచుకుంటే, అదే యాడ్‌-ఇన్ అక్కడ ఇంకో ఫోల్డర్‌లో ఉంటే, సూత్రంలో పాత కంప్యూటర్ చిరునామా బారుగా బయటపడుతుంది. లేని ఖాతా, లేని ఫోల్డర్. ఘన్‌పూర్ పక్కన ములుగు అని రాసి ఉన్నట్టే. రాసిన రోజున అది నిజం, ఎల్లలు మారినా రాత మారలేదు. షీటు మీద పెట్టిన బటన్లదీ ఇదే కథ. ఒక ఫైలులోని షీటును ఇంకో ఫైలులోకి కాపీ చేస్తే, బటన్ చాలాసార్లు పాత ఫైలులోని మ్యాక్రోనే చూపిస్తూ ఉంటుంది.

భూపాలపల్లి పద్ధతి వేరు. అక్కడ మ్యాక్రోను బిల్లు ఫైలు లోపలే పెట్టారు. ఫైలు ఎక్కడికి పోతే మ్యాక్రో అక్కడికి పోతుంది, చద్దిమూట లాగా. 2007లో వచ్చిన ఆఫీస్ నుంచి దీనికి ఒక షరతు ఉంది. మామూలు ఎక్సెల్ ఫైలు మ్యాక్రోలను మోయదు, వాటికి వేరే రకం ఫైలు కావాలి, మామూలుగా చివర ఎమ్ అక్షరం ఉన్నది. మామూలు రకంగా దాచబోతే ఎక్సెల్ హెచ్చరిస్తుంది. హెచ్చరిక చదవకుండా అవును నొక్కితే మ్యాక్రో రాలిపోతుంది.

అసలు చిక్కు ఇప్పుడు వస్తుంది. భూపాలపల్లి ఆపరేటర్ మంచి స్పెల్‌నంబర్‌ను, అంటే లక్షలు కోట్లు తెలిసినదాన్ని, మహబూబాబాద్ నుంచి తెచ్చి యాడ్‌-ఇన్‌గా పెట్టుకున్నాడు. బిల్లు ఫైలు లోపల మాత్రం తొందరలో మార్చిన పాతది ఉండిపోయింది. ఒకే పేరు, రెండు చోట్లు. ఎక్సెల్ ముందు సూత్రం ఉన్న ఫైలులోనే చూస్తుంది. దొరికింది, ఆగింది. బిల్లులో అంకెల్లో 12,50,000 సరిగ్గానే ఉంది. అక్షరాల్లో మాత్రం వన్ మిలియన్ టూ హండ్రెడ్ ఫిఫ్టీ థౌజండ్ అని వచ్చింది. తప్పు సూచన రాలేదు, హెచ్చరిక రాలేదు. యాడ్‌-ఇన్‌ను ఎన్నిసార్లు దిద్దినా ఫలితం మారదు, ఎందుకంటే దాన్ని పిలిచినవాళ్లే లేరు. దగ్గరున్న పేరు దూరంగా ఉన్న అదే పేరును కప్పేసింది. ప్రోగ్రామర్లు దీన్ని నీడ పడటం అంటారు. మహబూబాబాద్‌లో కనిపించిన తప్పు కంటే ఇది నూరు రెట్లు కష్టమైనది. అక్కడ దొరకలేదని చెప్పింది. ఇక్కడ దొరికింది, కానీ మనం అనుకున్నది దొరకలేదు.

వర్డ్‌లో ఈ వరుస ఇంకా స్పష్టంగా ఉంటుంది. పేరు పిలిస్తే ముందు ఎదురుగా ఉన్న డాక్యుమెంట్‌లో చూస్తుంది, ఆ తర్వాత ఆ డాక్యుమెంట్‌కు తగిలించిన టెంప్లేట్‌లో, ఆ తర్వాత నార్మల్ అనే సాధారణ టెంప్లేట్‌లో, చివర మిగతా యాడ్‌-ఇన్‌లలో. ఇంకో విచిత్రం కూడా ఉంది. వర్డ్ సొంత ఆదేశాల పేర్లతో, ఉదాహరణకు ఫైల్‌సేవ్ అనే పేరుతో, మనం మ్యాక్రో రాస్తే అసలు ఆదేశం పక్కకు తప్పుకుంటుంది, మనది నడుస్తుంది. వాడుకునేవాడికి తన పద్ధతిలో మార్చుకునే స్వేచ్ఛ ఇవ్వాలని చేసిన ఏర్పాటు ఇది.

1995లో ఆ స్వేచ్ఛలోంచే కాన్సెప్ట్ అనే వైరస్ దూరింది. అది ఉన్న డాక్యుమెంట్ తెరవగానే దానంతటదే నడిచే మ్యాక్రో ఒకటి లేస్తుంది. తన నకలును నార్మల్ టెంప్లేట్‌లో పెడుతుంది. ఫైల్‌సేవ్‌యాజ్ అనే పేరుతో మరో మ్యాక్రోను అక్కడే నాటుతుంది. ఆ తర్వాత ఆ మనిషి ఏ కాగితాన్ని కొత్త పేరుతో దాచబోయినా వర్డ్ తన వరుస ప్రకారం వెతుకుతుంది, నార్మల్‌లో ఆ పేరు దొరుకుతుంది, అదే నడుస్తుంది, ఆ కాగితానికీ అంటుకుంటుంది. మరుసటి ఏడాది, 1996లో, లారూ అనే వైరస్ ఎక్సెల్‌లో ఇదే పని చేసింది. అది ఎంచుకున్న చోటు మన జనగామ ఆపరేటర్ ఎంచుకున్నదే: ప్రతిసారీ దానంతటదే తెరుచుకునే ఫోల్డర్‌లోని పర్సనల్ ఫైలు. ఈ వైరస్‌లు రాసినవాళ్లు రహస్య ద్వారాలేవీ కనిపెట్టలేదు. సాఫ్ట్‌వేర్ ఎక్కడెక్కడ, ఏ వరుసలో వెతుకుతుందో శ్రద్ధగా చదివారు, అంతే. ఆ వరుసను మామూలు వినియోగదారుడు కూడా అంతే శ్రద్ధగా తెలుసుకోవాలని నేను పట్టుబట్టడానికి ఇది పెద్ద కారణం.

ఇక లిబర్‌ఆఫీస్. ఇది ఉచితంగా దొరుకుతుంది, ఎవరైనా లోపల చూడవచ్చు. దాని మ్యాక్రోల కిటికీ తెరిస్తే మూడు కొమ్మల చెట్టు కనిపిస్తుంది. ఒకటి నా మ్యాక్రోలు, ఒకటి లిబర్‌ఆఫీస్‌తో పాటు అందరికీ వచ్చినవి, ఒకటి తెరిచి ఉన్న ఫైలులోనివి. ప్రతి కొమ్మలో లైబ్రరీలు, లైబ్రరీలో మాడ్యూళ్లు, మాడ్యూల్‌లో మ్యాక్రోలు. బటన్‌కు మ్యాక్రోను తగిలిస్తే లిబర్‌ఆఫీస్ ఒట్టి పేరు రాసుకోదు. లైబ్రరీ, మాడ్యూల్, మ్యాక్రో, ఏ భాషలో రాసింది, డాక్యుమెంట్‌లో ఉందా బయట ఉందా అన్నీ కలిపి ఒక పూర్తి చిరునామా రాసుకుంటుంది. స్టేషన్ ఘన్‌పూర్ అని పూర్తిగా చెప్పే పద్ధతి ఇది. ఇందులో గందరగోళం తక్కువ, పెళుసుతనం ఎక్కువ. చోటు మారితే దొరకలేదని నిక్కచ్చిగా చెబుతుంది, పక్కనున్న అదే పేరు మ్యాక్రోతో సర్దుకోదు.

చాలామందిని ఏడిపించేది మరొకటి. మిత్రుడి కంప్యూటర్ నుంచి మ్యాక్రో మాడ్యూల్ ఫైలు ఒకటి తెచ్చి, సరైన ఫోల్డర్‌లోనే, మిగతా మాడ్యూళ్ల పక్కనే పెడతారు. లిబర్‌ఆఫీస్‌ను మూసి మళ్లీ తెరుస్తారు. కనపడదు. ఫోల్డర్ తెరిచి చూస్తే ఫైలు ఉంది, పేరు సరిగ్గా ఉంది. ఎందుకు దొరకదు?

పొలం దున్నుతున్నవాడు ఉన్నాడు, గట్లున్నాయి, పంటా ఉంది. భూముల రికార్డైన పహాణీలో మాత్రం పేరు ఎక్కలేదు. తెలంగాణ రైతుకు ఈ బాధ వివరించనక్కర్లేదు. లిబర్‌ఆఫీస్ బేసిక్ మ్యాక్రోల విషయంలో ఫోల్డర్‌ను కాదు, పహాణీని చదువుతుంది. ప్రతి లైబ్రరీ ఫోల్డర్‌లోనూ ఆ లైబ్రరీలో ఏ మాడ్యూళ్లు ఉన్నాయో రాసి ఉన్న చిన్న చిట్టా ఫైలు ఉంటుంది. ఏయే లైబ్రరీలు ఉన్నాయో రాసిన చిట్టా ఇంకొకటి పై ఫోల్డర్‌లో ఉంటుంది. చిట్టాకు ఎక్కని మాడ్యూల్ దాని లెక్కలో లేదు. పైథాన్‌లో రాసిన మ్యాక్రోలకు ఈ నియమం లేదు. వాటికి చెప్పిన ఫోల్డర్‌లో ఫైలు పెడితే చాలు, వెళ్లి చూసుకుంటుంది. ఒకే సాఫ్ట్‌వేర్‌లో ఒక భాషకు పహాణీ పద్ధతి, ఇంకో భాషకు మోకా మీదికి పోయి చూసే పద్ధతి.

చిట్టా ఎందుకు పెట్టుకున్నారంటే వేగం కోసం, వరుస తప్పకుండా ఉండటం కోసం. వందల ఫైళ్లున్న ఫోల్డర్లను ప్రతిసారీ తిరిగిరావడం కంటే ఒక కాగితం చదవడం తేలిక. గణిత గ్రంథాలు అచ్చువేసే టెక్ వ్యవస్థలోనూ ఇదే ఉంది. దానికి వేల ఫైళ్లుంటాయి కాబట్టి ముందే ఒక జాబితా తయారుచేసి అందులోనే వెతుకుతుంది. ఆ జాబితా పరిధిలో ఉన్న ఫోల్డర్‌లో కొత్త ఫైలు పెట్టి జాబితాను మళ్లీ రాయించకపోతే ఫైలు ఉన్నా దొరకదు. వేగం కావాలంటే రికార్డును నమ్మాలి. రికార్డును నమ్మితే, అది పాతబడిన రోజున కళ్లెదుట ఉన్నది కూడా లేనట్టే. అందుకని మాడ్యూల్‌ను చేత్తో కాపీ చేయకుండా లిబర్‌ఆఫీస్ లోపలి నుంచే దిగుమతి చేయించాలి, చిట్టా అప్పుడు తనే రాసుకుంటుంది.

అదే చోట ఇంకో మెలిక. స్టాండర్డ్ అనే లైబ్రరీ ఒక్కటే దానంతటదే లోడవుతుంది. మిగతావి పిలిస్తేనే లేస్తాయి. గడిలో వాడే ఫంక్షన్‌ను వేరే లైబ్రరీలో రాస్తే, అది చిట్టాలో ఉన్నా, ఆ లైబ్రరీని లోడు చేసేదాకా గడిలో తప్పే కనిపిస్తుంది. స్పెల్‌నంబర్ లాంటివాటిని స్టాండర్డ్‌లోనే ఉంచండి.

ఆఫీసు సాఫ్ట్‌వేర్‌ల కంటే ముందే ఈ వరుస ఆలోచన ఉంది. 1979 నాటి ఏడో యూనిక్స్‌లో పాత్ అనే మాట కింద ఫోల్డర్ల జాబితా రాసి ఉంచేవారు. ఆదేశం టైపు చేస్తే ఆ వరుసలో వెతికి మొదట దొరికినదాన్ని నడిపేది. మనం నిలబడి ఉన్న ఫోల్డర్‌ను ఆ జాబితాలో మొదట పెట్టకూడదని అనుభవం నేర్పింది. ఎవరైనా అక్కడ మామూలు ఆదేశం పేరుతోనే ఒక చెడ్డ ప్రోగ్రామ్ పెడితే, నమ్మకంగా దాన్నే నడిపిస్తాం. ఎక్సెల్, వర్డ్ దగ్గరున్నదానికే మొదటి హక్కు ఇచ్చాయి. ఎవరి ఫైలుకు తగ్గ మ్యాక్రో వారిదే ఉండాలన్నది అందులోని ఉద్దేశం, అది న్యాయమైనదే. కాకపోతే ఫైలు పరాయి మనిషి దగ్గరి నుంచి వచ్చినప్పుడు దగ్గరితనమే ప్రమాదం.

2022లో మైక్రోసాఫ్ట్ అందుకే వెతుకులాటకు ముందు మరో ప్రశ్న చేర్చింది: ఈ ఫైలు ఎక్కడి నుంచి వచ్చింది? ఇంటర్నెట్ నుంచి దింపిన ఫైలుకు విండోస్ ఒక గుర్తు తగిలిస్తుంది. ఆ గుర్తు ఫైలు లోపల ఉండదు, డిస్కు మీద ఫైలు పక్కన కంటికి కనపడని చీటీలా ఉంటుంది. ఆ చీటీ ఉంటే లోపలి మ్యాక్రోలను ఆఫీస్ నడవనివ్వదు. భూపాలపల్లిలో ఈమెయిల్ ద్వారా దించుకున్న బిల్లు మొండికేస్తే, అదే బిల్లును పాత రకం ఫార్మాట్‌లో ఉన్న పెన్‌డ్రైవ్‌లో తెస్తే నడిచిందంటే వింత కాదు. ఆ పెన్‌డ్రైవ్‌కు చీటీ మోసే చోటు లేదు. పంపినవాళ్లు ఎవరో తెలిసి, నమ్మకం ఉంటేనే ఫైలు ప్రాపర్టీస్‌లో అన్‌బ్లాక్ అనే గడిలో టిక్కు పెట్టాలి. పర్సనల్ ఫైలు ఉండే ఫోల్డర్ మాత్రం మొదటినుంచీ నమ్మకమైన చోట్ల జాబితాలోనే ఉంది. అక్కడున్నది అడగకుండా నడుస్తుంది. అప్పుడప్పుడు ఆ ఫోల్డర్ తెరిచి, మీరు పెట్టనిది ఏదైనా ఉందా అని చూడటం మంచి అలవాటు. చూసినప్పుడే ఒక నకలు తీసి వేరేచోట దాచండి.

మిలియన్ బిల్లు దగ్గరికి తిరిగి వద్దాం. నడుస్తున్నది ఏ స్పెల్‌నంబరో ఎలా పట్టుకోవాలి? ఆల్ట్, ఎఫ్11 నొక్కితే ఎడమ పక్కన తెరిచి ఉన్న ప్రతి ఫైలు, ప్రతి యాడ్‌-ఇన్ వరుసగా కనిపిస్తాయి. అక్కడి వెతుకులాట ఒకసారికి ఒక ప్రాజెక్టులోనే జరుగుతుంది కాబట్టి ఒక్కొక్కటీ ఎంచుకుని పేరు వెతకాలి. రెండు చోట్ల దొరికితే ఒకదాన్ని తీసేయండి. తీసేయలేకపోతే మంచిదానికి ఇంకెవరూ పెట్టని పేరు పెట్టండి, రూపాయలక్షరాల్లో అన్నట్టుగా. ఘన్‌పూర్ (ములుగు)ను గణపురం అన్నట్టే. బ్రాకెట్టుతో పని ఉండదు.

పేరు మార్చిన మర్నాడు యాడ్‌-ఇన్‌ను నమ్ముకున్న పాత బిల్లులన్నీ మొరాయిస్తాయి, వాటి గడుల్లో పాత పేరే ఉంది కాబట్టి. వందల బిల్లులను దిద్దనక్కర్లేదు. యాడ్‌-ఇన్‌లోనే, కొత్త ఫంక్షన్ పక్కన, స్పెల్‌నంబర్ అనే పాత పేరుతో ఒక్క వరుస ఫంక్షన్ రాయండి. అది చేసే పని, తనకు ఇచ్చిన అంకెను కొత్త ఫంక్షన్ చేతిలో పెట్టి, అది చెప్పినదే తిరిగి చెప్పడం. పాత పేరుతో మానుకోట అని అడిగినవాళ్లకు కండక్టర్ మహబూబాబాద్ టికెట్ కొట్టి ఇచ్చినట్టు.